కాళ్ళ కింది ఇసుక

నేను ఒక పీటను. జానెడున్నర ఎత్తు, నాలుగు కాళ్ళు, పైన ఒక చెక్క. పీటకు ఆత్మకథేమిటని నవ్వి పేజీ తిప్పెయ్యకండి. మీ పెద్దవాళ్ళ బరువును మీకంటే నేనే ఎక్కువ మోశాను.

పూర్వాశ్రమంలో నా చెక్క విశాఖపట్నంలో ఒక జాలరి నావలో ఉండేది. నావ ముసలిదై ఒడ్డున పడ్డాక, దాని యజమాని కొడుకు నూకరాజు వేట మానేసి ఆటో కొన్నాడు. వాళ్ళమ్మ ఆటో ఎక్కడానికి కాలెత్తలేకపోతుంటే, ఆ నావలోంచి ఒక చెక్క ఊడదీసి వడ్రంగి చేత నన్ను చేయించాడు. ఆవిడ పోయాక కూడా నన్ను తీసెయ్యలేదు. ఊరి నిండా మోకాళ్ళ నొప్పులే కాబట్టి నాకు పని తగ్గలేదు. డ్రైవరు సీటు వెనక, ప్రయాణికుల కాళ్ళ మధ్య నా కాపురం. అందుకే నాకు మనుషుల ముఖాల కంటే పాదాలే బాగా గుర్తుంటాయి. తొమ్మిదేళ్ళపాటు బీచ్ రోడ్డు మీద రోజుకు పదిసార్లు తిరిగాను. సముద్రం మోత వినడమే తప్ప ఒక్కనాడూ ఆ నీళ్ళు నాకు తగల్లేదు. పుట్టింటి వీధిలోంచి పోతూ గుమ్మం ఎక్కలేని ఆడపిల్లలా ఉండేది నా బతుకు.

ఒక మాఘమాసపు ఉదయం రైల్వే స్టేషను దగ్గర రెండు జతల పాదాలు నా మీద ఎక్కాయి. కామారెడ్డి పక్క పల్లెటూరి తోడికోడళ్ళు, రాజవ్వ, సత్తవ్వ. ఇద్దరూ బీడీలు చుట్టుకుని బతికినవాళ్ళు, ఇద్దరికీ భర్తలు పోయారు. సత్తవ్వ కళ్ళ మొక్కు తీర్చుకుని అరసవల్లి సూర్యదేవుడి గుడి నుంచి తిరిగి వెళ్తున్నారు. ఇంటికి పోయే రైలు మధ్యాహ్నం రెండింటికి. చేతిలో నాలుగు గంటలున్నాయి.

"మా అక్క సముద్రం జూసినామె. నాకు సూపిస్తనని తోలుకొచ్చింది" అంది సత్తవ్వ గర్వంగా. రాజవ్వ పాదాలు నా మీద ఒక్కసారి బిగుసుకున్నాయి.

ఎందుకు బిగుసుకున్నాయో నాకు తరవాత తెలిసింది గానీ మీకు ఇప్పుడే చెప్పేస్తాను. రాజవ్వ సముద్రం చూడలేదు. ముప్పై ఎనిమిదేళ్ళ కిందట భర్తతో పూరీ వెళ్ళింది నిజమే. దిగిన రోజే జ్వరం వచ్చి మూడు రోజులూ సత్రంలో ముసుగు తన్ని పడుకుంది. ఇంటికొచ్చాక అమ్మలక్కలంతా చుట్టూ చేరి "ఎట్లున్నది?" అని అడిగితే, జ్వరమొచ్చిందని చెప్పడానికి నోరు రాలేదు. తాటిచెట్టంత అల వచ్చి కాలి మట్టె లాక్కుపోయిందని చెప్పింది. భర్త మీసాల్లో నవ్వుకున్నాడు తప్ప కాదనలేదు. అది మొదలు అరుగు మీద బీడీలు చుడుతూ ఆమె సముద్రం చెప్పడం, సత్తవ్వ ఊ కొట్టడం. ఏటేటికీ అలలు పెరిగాయి. ఇప్పుడు మోకాళ్ళు పూర్తిగా లొంగిపోకముందే ఆ అబద్ధాన్ని నిజం చేసుకోవాలి. అదీ పక్కనున్న సత్తవ్వకు దొరక్కుండా.

మా నూకరాజు మంచివాడే, కాకపోతే వాడి లెక్కలో ఊరంటే పాయింట్లు. ఎనిమిది పాయింట్లు చూపిస్తానని మాటిచ్చాడు, ఎనిమిదీ చూపించి తీరతాడు. కైలాసగిరి అన్నాడు, పార్కు అన్నాడు, ఒడ్డుకు తెచ్చి పెట్టిన సబ్‌మెరైన్ అన్నాడు. దాని మెట్లు చూసి రాజవ్వ ఆటోలోంచే దణ్ణం పెట్టింది. దారి పొడుగునా పక్కనే ఉన్న సముద్రం మాత్రం వాడి జాబితాలో లేదు. ఇంటి ముందున్న దాన్ని వింతని ఎవరనుకుంటారు?

పన్నెండు దాటాక రాజవ్వే నోరు విప్పింది. "కొడుకా, గివన్నీ సాలు. సముద్రంల కాళ్ళు పెట్టియ్యి."

వాడు రోడ్డు పక్కన ఆపాడు. "ఇదిగోనమ్మా సముద్రం. ఇక్కణ్ణుంచే సూసీయండి. ఇసకలో మీరు నడవనేరు."

రాజవ్వ దిగి నడిచింది. నాలుగు అడుగులకే కాలు ఇసుకలో కూరుకుపోయి మోకాలు పట్టేసింది. సత్తవ్వ జబ్బను ఆసరాగా పట్టుకుని నిలబడిపోయింది. తిరిగి వెళ్దామనీ అనలేదు, ముందుకూ కదల్లేదు. నూకరాజు గడియారం చూసుకున్నాడు, ఆమె కాళ్ళు చూశాడు. నిట్టూర్చి ఆటో దగ్గరికొచ్చి నన్ను చంకలో పెట్టుకున్నాడు.

ఆమె పది అడుగులు వేస్తే నన్ను వేసేవాడు. ఆమె కూర్చుని ఊపిరి తీసుకుని లేచేది. నన్నెత్తి మళ్ళీ పది అడుగుల అవతల వేసేవాడు. అలా ఏడుసార్లు కూర్చున్నాక తడి ఇసుక వచ్చింది. నాకైతే ఏడుపు వచ్చినంత పనైంది. ఆ వాసన నా చెక్క మరిచిపోలేదు.

రాజవ్వ నా మీద కూర్చుని పాదాలు చాచింది. అల వచ్చింది, తాటిచెట్టంత కాదు, చీలమండ దాకా. తగిలి వెనక్కి పోతూ పోతూ ఆమె పాదాల కింది ఇసుకనూ, నా కాళ్ళ కింది ఇసుకనూ తోడుకుపోయింది. నేను పక్కకు ఒరిగాను.

"సత్తీ, పట్టుకోయే" అని రాజవ్వ కేక పెట్టింది. "కాళ్ళ కింద మన్ను పోతున్నది. భూమే గుంజుకపోతున్నదే."

సత్తవ్వ ఆమె భుజం పట్టుకుంది. పట్టుకునే మెల్లగా అంది: "గీ ముచ్చట నువ్వెన్నడు జెప్పలేదక్కా."

పూరీ సముద్రంలో నిలబడిన మనిషి ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఈ మాట చెప్పకుండా ఉంటుందా? రాజవ్వకు ఆ సంగతి అర్థమైంది. తల దించుకుని చెప్పేసింది.

"నేను సూడలేదే సత్తీ. జరమొచ్చి సత్రంల పండుకున్న. మట్టె ఆడనే యాడనో పడిపోయింది. అన్నీ అబద్ధాలే."

"నాకెరుకే. బావ ఆ యేడే చెప్పిండు."

"మరి గిన్నేండ్లు ఎందుకడగలే?"

"అడిగితే చెప్పుడు బంద్ జేస్తవు గద. బీడీలు సుట్టుకుంట నువ్వు జెప్తుంటే నాకు గీ నీళ్ళు కనవడేటివి." సత్తవ్వ కళ్ళు చికిలించి దూరంగా చూసింది. "ఇప్పుడు సూస్తే నువ్వు జెప్పినంత పెద్దగ లేదు గని."

రాజవ్వ నవ్వు ఆపుకోలేకపోయింది, ఏడుపూ ఆపుకోలేకపోయింది. రెండూ నా మీదే కూర్చుని కానిచ్చింది. అంత తేలికైన బరువును నేను ఎన్నడూ మోయలేదు.

తిరిగి పది అడుగులకోసారి కూర్చుంటూ రోడ్డెక్కేసరికి ఒంటిగంటన్నర. మిగిలిన మూడు పాయింట్లూ మిగిలిపోయాయి. స్టేషనులో రైలుపెట్టె మెట్టు అందక రాజవ్వ తడబడితే నూకరాజు నన్ను ప్లాట్‌ఫారం మీద వేసి ఎక్కించాడు. తరవాత నన్నూ లోపలికి అందించాడు.

"దిగినప్పుడు మీకు పీటెవుడేత్తాడమ్మా? ఉంచీసుకోండి."

"మరి నీకో బిడ్డా?"

"మా నాన్న నావలో సెక్కలింకా ఉన్నాయిలెండి."

ఇప్పుడు నేను కామారెడ్డి దగ్గర ఒక అరుగు మీద ఉన్నాను. సముద్రం ఇక్కడికి చాలా దూరం. రాజవ్వ నా మీద కూర్చుని బీడీలు చుడుతూ పిల్లలకు కథ చెబుతుంది. కథలో ఇప్పుడు నేనూ ఉన్నాను. అల వచ్చి ఆమెను పీటతో సహా ఓడల దగ్గరికి తీసుకుపోయి, మళ్ళీ తెచ్చి ఒడ్డున దింపిందట. నాకు తగిలిన నీళ్ళు నా కాళ్ళ సగం దాకానే. అయినా నేను కాదనను.

పిల్లలు నమ్మకపోతే, ముసురు పట్టిన రోజుల్లో నా సందుల్లో ఊరే చెమ్మను వేలితో తుడిచి నాకమంటుంది. నాకి చూసి, ఉప్పగా ఉందని ఒప్పుకుంటారు. ఒక గడుగ్గాయి మాత్రం సత్తవ్వ వైపు తిరిగి, "నిజంగనే ఓడల దాక పోయిందా?" అని అడిగింది మొన్న.

సత్తవ్వ కత్తిరిస్తున్న తునికాకు మీంచి తలెత్తలేదు.

"ఊ" అంది.