దేవిదాస్ బండికి కొత్త షాకప్సర్లు

బిగుసుకుపోయిన నట్టు మీద కిరసనాయిలు పోసి, అది తుప్పులోకి దిగేదాకా లింబాద్రి బండి కిందనే వెల్లకిలా పడుకున్నాడు. ముఖానికి జానెడు ఎత్తులో మట్టి పట్టిన కమాను పట్టీలు. చెరకు ఆడే రోజులు. బోధన్ ఊరంతా పట్టిన చెరకు మడ్డి వాసన తియ్యగా, కాస్త కుళ్ళినట్టుగా వచ్చి అతని రిపేరు షెడ్డులో నిలబడిపోయింది.

యాభై దాటిన మనిషి. చిన్నప్పుడే ధర్పల్లి నుంచి వచ్చి, ఎడ్లబండ్ల ఇరుసులతో మొదలుపెట్టి లారీల కిందికి చేరాడు. నేల రాపిడికి భుజాల వెనక చర్మం ఎద్దు మెడలా కాయ కట్టింది. ఊళ్ళో సగం మందిని పాదాలు చూసి గుర్తుపట్టేవాడు. ముఖాలు చూస్తేనే తడబడేవాడు.

మడమలు పగిలిన పాదాలు వచ్చి చక్రం పక్కన ఆగాయి. రెంజల్ ఊరి దేవిదాస్. ఈ పికప్ బండిలోనే నిజామాబాద్ మార్కెట్‌కు పసుపు బస్తాలు తోలుతాడు.

"అయితదా అన్నా?"

"అయితది. కని పసుపు బస్తలకు ఇంత దొడ్డ షాకప్సర్లెందుకే? గుంతల వడితె బస్తలకు నొప్పైతదా?"

పాదాలు ఒక అడుగు బండి వెనక వైపు జరిగాయి.

"బస్తలకు గాదే. రాధకు."

లింబాద్రి చేతిలో నట్లు తిప్పే పాన ఆగిపోయింది. మొన్నటి వానాకాలం దేవిదాస్ పురిటి నొప్పులు పడుతున్న పెళ్ళాం రాధాబాయిని వానలోనే ఈ బండి వెనక పడుకోబెట్టి పెద్ద దవాఖానకు బయలుదేరాడు. జానకంపేట దాటకుండానే ఆమె ప్రాణం పోయింది.

"గుంతల పడ్డప్పుడల్ల 'మెల్లగ పోనియ్యి' అన్నది ఆ పొద్దు. ఇప్పటికీ అంటున్నదన్నా, ఖాళీ బండ్లె. తిరిగి సూస్త, ఎవ్వలుండరు. తొవ్వల బండి ఆపి కూసుంట. గిట్లయితె నేనేం నడుపుత? పోరగాండ్లకేం పెడ్త?"

లింబాద్రి నట్టుకు పాన తగిలించి తిప్పాడు.

"నట్టు వదులైంది తియ్" అన్నాడు.

పాత షాకప్సర్లు సైకిల్ పంపుల్లా వదులుగా జారాయి. వాటిలో నూనె ఎప్పుడో ఇంకిపోయింది. కొత్తవి లారీలకు వేసే రకం. గుంజితే ఊపిరి బిగబట్టినట్టు మొండిగా, నెమ్మదిగా సాగాయి. రెండు కొసలకూ రబ్బర్లు ఎక్కించి ఒక్కొక్కటే కూర్చోబెట్టాడు.

పొద్దు నెత్తి మీదికి వచ్చేసరికి పెళ్ళాం రాములవ్వ జొన్నరొట్టె తెచ్చింది. సగం తిని పక్కన పెట్టాడు.

"ఏమైందయ్యా?"

"ఛాతి పట్టేసినట్టున్నది. సోడ తాగితె పోతది."

"రేత్రి మంచం మీద పండుమంటె పండవు. నేలనే నీకు మంచమాయె, నేలనే పరుపాయె."

"మంచమెక్కితె నిద్ర వట్టదే."

ఆమె కొంగుతో అతని నుదురు తుడిచింది. నలుగురిలో ఎన్నడూ అలా చేసిన మనిషి కాదు. "ఇయ్యాల జల్ది రా" అని వెళ్ళిపోయింది.

జాకీ దించాక, బరువు చక్రాల మీద ఉండగా ఆఖరి బిగింపు బిగించాలి. లింబాద్రి మళ్ళీ కిందికి దూరాడు. పాన తిప్పుతుండగా కమాను కిర్రుమంది. బండి మెల్లగా, వేలెడు కిందికి, అతని ముఖం వైపు దిగింది, ఎవరో చాలా అలసిపోయిన మనిషి ఎక్కి కూర్చున్నట్టు.

"ఎవలే ఎక్కింది?"

చక్రాల సందులోంచి చూశాడు. దేవిదాస్ పాదాలు దూరంగా హోటల్ ముందు ఉన్నాయి. బండి చుట్టూ ఒక్క పాదం లేదు. బండి అలాగే దిగి ఉంది. అతను ఆఖరి నట్టు బిగించేదాకా ఉండి, అప్పుడు లేచింది.

బయటికి వచ్చి లింబాద్రి ఆ సంగతి దేవిదాస్‌కు చెప్పలేదు.

"ఎనుక నేను పండుకుంట. అడుగు పలకకు చెవి ఆనిస్తె షాకప్సర్ల చప్పుడు తెలుస్తది. కోటగిరి తొవ్వల తోలు."

ఖాళీ గోనెసంచి మడిచి తల కింద పెట్టుకున్నాడు. బండి కాలువ గట్టు ఎక్కింది. గుంత వచ్చింది; బండి దాన్ని మింగేసి ఉయ్యాల తొట్టెలా ఊగింది. ఇంకొకటి, అంతే. జీవితమంతా వెల్లకిలా పడుకున్న మనిషికి ముఖం మీద ఇనుము లేకపోవడం ఇదే మొదలు. అంతా ఆకాశమే. వీపు కింద నేల లేనట్టే ఉంది.

పక్కన ఎవరో నిట్టూర్చారు. పసుపు వాసనలో తడి బట్టల వాసన కలిసింది. లింబాద్రి తల తిప్పలేదు. ఛాతీలో పట్టు ఎడమ చేతిలోకి దిగుతోంది.

"నొప్పి లేదు గద బిడ్డా?" అన్నాడు మెల్లగా.

"లేదు బాపూ. నీకు?"

ఆలోచించి చూసుకున్నాడు. "లేదు" అన్నాడు.

ముందు కూర్చున్న దేవిదాస్‌కు ఏ మాటా వినబడలేదు. అన్నిటికన్నా పెద్ద గుంత దగ్గర పళ్ళు బిగించి చూశాడు. ఏమీ లేదు. కాలువ వంతెన దగ్గర బండి తిప్పి, కళ్ళు తుడుచుకుంటూ షెడ్డుకు వచ్చాడు.

"అన్నా! ఒక్కపారి గూడ అనలేదే!"

లింబాద్రి కళ్ళు తెరిచే ఉన్నాయి. ముఖంలో అలసట లేదు.

నలుగురు వచ్చి అతన్ని దించారు. రాములవ్వ ఏడుపు వీధి మలుపులో వినబడగానే దేవిదాస్ బండి వెనక తలుపు మూయబోయి ఆగిపోయాడు. లోపల గోనెసంచి అలాగే ఉంది. దాని మీద లింబాద్రి తల ఆనిన గుంట, పక్కనే ఇంకో గుంట, కొంచెం చిన్నది, ఇంకా తడిగా.