దీపం పెట్టని వైపు

మా ఆయన పేతురు పోయాక ఒక్కదాన్నే ఉండలేక, మా ఒంటిగది ఖోలీలో సగం యాకోబు, మరియమ్మలకు ఇచ్చాను. మధ్యన పేతురు సాంచా మీద, అదే కరెంటు మగ్గం మీద, నేసిన పల్చటి మలమల్ గుడ్డే పర్దాగా కట్టాను. పక్కన మనుషులుంటారని నా ఆశ.

అది డెబ్బై ఒకటో సంవత్సరం. మేమంతా మగ్గాల పనికి మరాఠీ గడ్డకు వలస వచ్చినవాళ్లం. శాంతినగర్‌లో కరెంటు సాంచాలకే గాని మా ఖోలీలకు లేదు. పొద్దుగూకితే వాళ్ల వైపు దీపం వెలిగేది. ఒక్క మనిషికి వేరే దీపమెందుకని నేను పెట్టుకునేదాన్ని కాదు. గుడ్డలోంచి వచ్చే వాళ్ల వెలుతురే చాలనుకున్నాను. ఆ వెలుతురుతో పాటు వాళ్ల నీడలూ వచ్చేవి. మరియమ్మ రొట్టెలు చేసేది. యాకోబు ఏదో అంటే కూతురు సాయమ్మ నవ్వేది. ఒక్కనాడైనా "శారమ్మక్కా, తిన్నవా?" అని అడిగిన పాపాన పోలేదు. పగలు బాగానే మాట్లాడేవాళ్లు. దీపం పెట్టేసరికి వాళ్లకు నేను లేనట్టే.

నాకు ఒళ్లు మండిపోయింది. వీళ్ల నీడలు చూస్తూ కూర్చునే ఖర్మ నాకేం పట్టిందని నిజాంపురా బజారుకు పోయి మందపాటి జంపఖానా కొనుక్కొచ్చాను. పర్దా మీద అది వేసేస్తే పీడ విరగడవుతుంది.

ఆ సాయంత్రం చీకట్లోనే జంపఖానా భుజాన వేసుకుని స్టూలెక్కాను. అటువైపు సాయమ్మ, సాంచాల మోతను మించి, మరాఠీ బడి పాఠం గట్టిగా చదువుతోంది.

"అమ్మా, అర్ధపారదర్శక్ అంటే ఏందో తెల్సా?"

"నాకేం ఎరుక? తెలుగుల చెప్పరాదు."

"వెలుగు వస్తది గాని, అటుపక్క ఉన్నది సాఫ్ కనబడది. నూనె కాగితం లెక్క. ఇంట్ల గట్లాంటిది ఒకటి చూసి రాసుకరమ్మన్నది మా టీచరు బాయి."

"గీ పర్దా రాయి."

సాయమ్మ నీడ పర్దా దగ్గరికొచ్చింది. "ఇదెట్లయితది? దీంట్ల పెద్దమ్మ నీడ గూడ కనబడది."

"ఆమె దీపం పెడితే గద నీడ పడేది! పొద్దుగూకంగనే పండుకుంటది పాపం. నాకు రోజూ ఓ రొట్టె ఇద్దామనే ఉంటది. దీపం లేకుంటే పిలువొద్దని మనం దిగిననాడు ఆమెనే చెప్పింది గద."

చెప్పాను. ఒక పర్దాకు అటూ ఇటూ బతికేవాళ్లకు మర్యాద ఉండాలి, దీపం లేదంటే పడుకున్నట్టు, లేపకూడదు అని పెద్దరికం ఒలకబోసి మరీ చెప్పాను. వాళ్లు నా మాట తుచ తప్పకుండా పాటిస్తున్నారు. నేనేమో చీకట్లో కూర్చుని వాళ్లనే తిట్టుకుంటున్నాను.

ఏడుపొచ్చింది. స్టూలు దిగి, మూల పడేసిన దీపపుబుడ్డి వెతికి, గాసునూనె పోశాను. ఎండిపోయిన ఒత్తి అంటుకోవడానికి సతాయించింది. దీపాన్ని గోడ దగ్గర పెట్టి, దానికీ పర్దాకూ మధ్యన నిలబడ్డాను.

"అగో, పెద్దమ్మ!" అని అరిచింది సాయమ్మ.

"అక్కా, ఇయ్యాల పండుకోలేదా? రొట్టె తింటవా?" అంది మరియమ్మ.

తల ఊపాను. పర్దా మీద అది వాళ్లకు కనబడింది.