ఎముక దాకా

...నొప్పి అని కూడా కాదు, లోపల ఎవరో మెల్లగా కొరుకుతున్నట్టు, అనుకుంది రాగిణి గ్రైండర్ రాయి ఎత్తి కడుగుతూ. ఎడమ తుంటిలో. ఆడి నెల, అదే ఆషాఢం నుంచీ ఇంతే. చెబితే భర్త యువరాజ్ ఫోన్‌లోంచి తలెత్తలేదు. "దినమంతా ల్యాబ్‌లో స్టూల్ మీద కూచుంటే అట్లనే ఉంటాది. కొంచెం నడువు." అత్త కమలాంబ అయితే నవ్వింది. "మా కాలంలో తుంటి అనేది ఒకటి ఉండాదని తెలిసేదానికే తీరిక లేదు పో."

అమ్మ పోయి నాలుగేళ్ళు. అయినా రాగిణి వంటింట్లోకి వచ్చేసరికి ఆవిడ అక్కడ ఉంటుంది, ఒక చెయ్యి గోడకానించి, ఇంకో చేత్తో పప్పు కలుపుతూ. "ఏం లేదు పాపా, ఈడ కొంచెం లాగతా ఉండాది, అంతే." రొమ్ములో మొదలైన కేన్సర్ వెన్నెముకను తినేసిందని డాక్టర్లు చెప్పిన రోజున కూడా ఆమె నిలబడి వండే ఆస్పత్రికి వచ్చింది.

మధ్యాహ్నం ల్యాబ్‌లో తనతో పనిచేసే జెబ తమిళంలో కేకేసింది. "అక్కా, చూడండి!"

తెర మీద ఎలుక కాలి ఎముక. రెండేళ్ళుగా వాళ్ళు తయారుచేస్తున్నవి కంటికి ఆనని కొవ్వు గుళికలు. లోపల మందు, వెలిగే రంగు. పైన ఎముకలోని కాల్షియాన్ని పట్టుకునే కొక్కెం. రక్తంలో పడి ఒళ్ళంతా తిరిగి, కేన్సర్ కొరికిన చోటునే వెతికి పట్టుకుని వెలుగుతున్నాయి. ఒక కొవ్వు చుక్క అంతగా వెతికింది.

పక్క బొమ్మ చీకటిగా ఉంది. మందివ్వని ఎలుకది. పోల్చుకోవడానికి దాన్ని అలాగే వదిలేస్తారు. ఎముక తరిగిపోతుంటే చూస్తారు.

అమ్మని అలా చూసినవాళ్ళు కూడా లేరు.

జెబ ఫొటోలు తీసుకుంటోంది. రాగిణి చీకటి బొమ్మ ముందు నుంచి కదలలేకపోయింది. తుంటి తనదో, అమ్మదో తెలియని నొప్పితో సలుపుతోంది.

ఫోన్ మోగింది. "మా అమ్మకు మోకాళ్ళ తైలం అయిపోయిందంట, తీసుకోని రా," అన్నాడు యువరాజ్. "చిన్నాన్నోళ్ళు వస్తా ఉండారు, టిఫన్ చెయ్యాల. బిరీన వచ్చేయ్."

"నేను డాక్టర్ దగ్గరికి పోతా ఉండా."

"ఎవురికి?" అన్నాడతను, నిజంగానే అర్థం కాక.

ఆమె ఫోన్ ఆపేసింది.

క్లినిక్‌లో డాక్టరమ్మ తలెత్తి, ఎక్కడ నొప్పి అని అడిగింది. రాగిణి లేచి నిలబడి, చీర మీంచే ఎడమ తుంటి మీద వేలు పెట్టి, గట్టిగా నొక్కి చూపించింది.