ఎండ వైపు గ్యాలరీ

“ఈ శనివారం కూడా ఓవర్‌టైమేనా?” అని ఆయన అడిగినప్పుడు నేను పాప యూనిఫాం ఇస్త్రీ చేస్తున్నాను. కాలర్ దగ్గర ఒక ముడత ఎంత నొక్కినా పోవడం లేదు. “అవునండీ, ఆర్డర్లు ఎక్కువున్నాయి,” అన్నాను తలెత్తకుండా. అబద్ధం చెప్పేటప్పుడు చేతిలో పనుంటే ఎంత వీలుగా ఉంటుందో అప్పటికే నాకు తెలిసిపోయింది. పని చేసుకుంటున్న ఆడదాని మొహంలోకి ఎవరూ చూడరు. “సరే, వచ్చేటప్పుడు అమ్మ మాత్రలు తీసుకురా,” అని ఆయన పేపర్ తిప్పారు.

నేను కట్టుడు పళ్ల ల్యాబ్‌లో పని చేస్తాను. డాక్టర్లు పంపిన అచ్చుల మీద మైనంతో చిగుళ్లు దిద్ది, పళ్లు ఒక్కొక్కటిగా నిలబెడతాను. ఊళ్లోవాళ్ల నోళ్లన్నీ బాగుచేసేది నేనేనని అప్పుడప్పుడు నాలో నేను నవ్వుకుంటాను. ల్యాబ్ మొత్తానికి ఒక్కతే ఆడదాన్ని కాబట్టి టీ కప్పులు కడిగేదీ నేనే. అది నా పని అని ఎవరూ చెప్పలేదు. చేరిన కొత్తలో ఒకరోజు చూడలేక కడిగాను. అంతే, ఆ సింకు నా పేరున రాసిచ్చేశారు. “మీ చేతిలో పడితే కప్పులు అద్దాల్లా మెరుస్తాయండీ,” అంటారు మేనేజర్. ఆ మెచ్చుకోలు కూడా చీపురులాంటిదే, చేతికిచ్చి పక్కకి తప్పుకుంటారు.

ఆ మధ్య ల్యాబ్‌కి శనివారాలు ఒంటిపూట చేశారు. మొదటి వారం ఆ మాట ఇంట్లో చెప్పాలనే బయల్దేరాను. నడుస్తూ నడుస్తూ, ఆ మిగిలిన పూట ఏమవుతుందో ఊహించాను. అత్తయ్యని కళ్ల డాక్టర్‌కి చూపించాలి. అటక మీది సామాను దించాలి. పాప లెక్కల్లో వెనకబడింది. ఆడపడుచు ఎప్పటినుంచో వస్తానంటోంది. నేను ఇల్లు చేరేలోపే నా పూటకి పంపకాలైపోయాయి. ఎవరూ వద్దనరు, అదే చిక్కు. పెళ్లైన కొత్తలో ఈత నేర్చుకుంటానంటే ఆయన, “నీ ఇష్టం, వెళ్లు. కాకపోతే వంట ముగించుకుని వెళ్లు. అమ్మతో ఒక మాట చెప్పి వెళ్లు. వచ్చేటప్పుడు కూరగాయలు చూడు,” అన్నారు. అన్నీ ముగించుకుని నేను వెళ్లేసరికి ఈతకొలను గేటుకి తాళం వేస్తున్నారు. “నిన్ను ఎప్పుడైనా కాదన్నానా?” అని ఆయన ఇప్పటికీ అంటారు. నిజమే, ఎప్పుడూ కాదనలేదు.

ఆ మొదటి ఒంటిపూట శనివారం నా కాళ్లు స్టేడియం ముందు ఆగిపోయాయి. లోపల మా ఊరి అమ్మాయిల హాకీ జట్టు ఆడుతోంది. గేటు బార్లా తీసి ఉంది. ఆపేవాళ్లూ లేరు, రమ్మనేవాళ్లూ లేరు. హాకీ అంటే కర్రతో బంతిని కొట్టడమని తప్ప నాకేమీ తెలీదు. నీడ వైపు కుర్చీల్లో క్లబ్బు పెద్దలు కూర్చున్నారు. ఎండ వైపు సిమెంటు మెట్ల మీద ఒకామె ఒళ్లో సంచీ పెట్టుకుని అంపైర్‌ని ఏకధాటిగా తిడుతోంది. నన్ను చూసి, “బోలెడు చోటుంది కానీ, ఇక్కడే కూర్చోమ్మా,” అంది. “ఒక్కదాన్నే తిడితే పిచ్చిదంటారు. ఇద్దరం తిడితే అభిమానులంటారు.”

ఆమె బస్సు కండక్టర్‌గా చేసి రిటైరైంది. స్టేడియంలో అందరూ కండక్టరమ్మ అనే పిలుస్తారు. తర్వాతి వారాల్లో ఒక నర్సు కూడా మాకు తోడైంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చి, బూట్లు విప్పి, కింది మెట్టు మీద కాళ్లు బారజాపి, “అబ్బా” అని ఒక నిట్టూర్పు విడిచాకే మైదానం వైపు చూసేది.

జట్టు ఆ ఏడు చెల్లాచెదురైపోయింది. పెద్దవాళ్లంతా వెళ్లిపోయారు. ఒకరికి మోకాలు, ఒకరికి పెళ్లి, ఒకరికి ఇంకా పెద్ద క్లబ్బు. మిగిలినవాళ్లంతా పిల్లలు. జట్టుని మళ్లీ మొదటినుంచీ కడుతున్నామని, మూడేళ్లు ఓపిక పట్టమని కోచ్ పేపర్‌లో చెప్పాడు.

“మూడేళ్లట,” అంది కండక్టరమ్మ. “మా డిపోలో ఇంజన్ దించి మళ్లీ ఎక్కించడానికి మూడు రోజులు పట్టేది కాదు.”

“ఇంజన్‌కి మోకాళ్లుండవు కదక్కా,” అంది నర్సు. “ఆ మధ్యలో ఆడే పిల్లని చూడు. బంతి దొరికితే ఎవరికివ్వాలో తెలీక తనే మోసుకు తిరుగుతోంది. ఒకరికొకరు ఇంకా అలవాటు పడలేదు.”

“నీ షిఫ్టు మార్చారా?”

“ఎక్కడ? పిల్లల్లేనిదాన్ని కదా, నాకేం పనుంటుందని వాళ్ల లెక్క.”

“ఆ గోల్‌కీపర్ పిల్ల బంతి దగ్గరికి రాగానే కళ్లు మూసుకుంటోంది,” అన్నాను నేను. హాకీ గురించి నేనన్న మొదటి మాట అది. ఇద్దరూ నావైపు తిరిగారు. నన్ను సరిదిద్దడానికేమో అనుకున్నాను. కాదు, వినడానికి. కండక్టరమ్మ కళ్లజోడు సర్దుకుని కాసేపు చూసి, “నిజమే, మూసుకుంటోంది,” అంది. ఆ చిన్న మాటకి నా ఒళ్లంతా ఎందుకంత వెచ్చబడిందో ఇంటికి వెళ్లేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను.

మూడేళ్లు. నేను ఆ ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నాకెవరూ మూడేళ్లివ్వలేదు. మర్నాడే కూరలో ఉప్పెక్కువైందని మావయ్య కంచం పక్కకి జరిపారు. మావయ్య పోయి చాలా కాలమైంది కానీ, బల్ల మీద ఆ కంచం జరిగిన చప్పుడు ఇంకా పోలేదు. ఈ పిల్లలు వారం వారం ఓడిపోతున్నారు. చేతులారా బంతి పోగొట్టుకుంటున్నారు, ఒకరి కాళ్లకి ఒకరు అడ్డం పడుతున్నారు. అయినా మళ్లీ దిగుతున్నారు. పక్కనుంచి ఎవరో ఒకరు “ఫర్లేదు, నేర్చుకుంటున్నారు” అంటున్నారు. ఆ మాట చెవిన పడాలని నాకు సోమవారం నుంచే కాలు నిలిచేది కాదు. మైనం కరగబెడుతూ కిటికీలోకి చూసేదాన్ని. పాప జడ వేస్తూ మధ్యలో ఆగిపోయేదాన్ని. “నీ ధ్యాస ఎక్కడుందే?” అనేవారు అత్తయ్య. చెబితే నవ్వేవారు.

కళ్లు మూసుకునే ఆ పిల్ల ఒకరోజు కళ్లు తెరిచింది. పెనాల్టీ కార్నర్‌లో దూసుకొచ్చిన బంతిని కాలితో తన్ని బయటికి పంపేసింది. ఎవరో అరిచారు. గొంతు మండాక తెలిసింది, అరిచింది నేనేనని. మ్యాచ్ మాత్రం ఆ రోజూ ఓడిపోయాం.

ఆ అరుపు ఫొటోకెక్కింది. క్లబ్బువాళ్లు దాన్ని ‘ఓడినా వదలని మా వీరాభిమానులు’ అని ఊరందరికీ కనిపించేలా నెట్‌లో పెట్టారు. ఆడపడుచు పట్టుకుని మా కుటుంబం గ్రూపులో వేసింది. కింద ఒకే ఒక్క ముక్క, ‘ఇది వదినేనా?’ అని.

ఆయన భోజనాల బల్ల మీద ఫోన్ పెట్టారు. ఫొటోలో నేను లేచి నిలబడి, జుట్టు చెదిరి, కొండనాలుక కనిపించేంత నోరు తెరిచి ఉన్నాను. నాకే నేను కొత్తగా ఉన్నాను. అత్తయ్య ఫోన్ అందుకుని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు. “ఇంత నోరుందా నీకు,” అన్నారు. అందులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువుంది.

ఆయన ఫొటోని వేళ్లతో పెద్దది చేశారు. నాకు కుడివైపు జరిపారు, కండక్టరమ్మ. ఎడమవైపు జరిపారు, నర్సు. వెనక మెట్టు ఖాళీ. కింది మెట్టు మీద నర్సు బూట్లు. ఆయన ఏం వెతుకుతున్నారో నాకు వెంటనే తట్టలేదు. తట్టాక కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఒక మగవాడు దొరికుంటే ఎవర్ని తిట్టాలో, ఎంత తిట్టాలో ఆయనకి తెలిసేది. ఎవరూ దొరక్కపోయేసరికి దిక్కుతోచనట్టు ఫోన్ బోర్లా పెట్టారు.

“పోయి పోయి హాకీకా? అదీ ఓడిపోయే జట్టుకి,” అన్నారు.

“అవునండీ.”

“చెబితే కాదనేవాణ్ణా?”

“కాదనరు.”

“మరి అబద్ధం ఎందుకు?”

పాప కుర్చీలో ముందుకి జరిగి, “అమ్మా, నిజంగా అరిచావా?” అని అడిగింది. అరిచానన్నాను. “చాలా గట్టిగానా?” అంది. “చాలా,” అన్నాను. అది నన్నెప్పుడూ అలా చూడలేదు.

 కొన్నాళ్ల తర్వాత ఒక సాయంత్రం ఆయన, గొప్ప మనసు చేసుకున్నవాళ్లలా, “నీకంత ఇష్టమైతే దొంగతనంగా ఎందుకు? అందరం కలిసే వెళ్దాం,” అన్నారు. నీడ వైపు కుర్చీలకి మాత్రమే టికెట్టుంటుంది, అవే తెచ్చారు. “అమ్మకి ఎండ పడదు కదా.” ఆయన మొహంలో నిజంగానే సంతోషం ఉంది. వద్దనడానికి నాకు ఏ దారీ కనిపించలేదు.

ఆ శనివారం నా ఒక చేతిలో నీళ్ల సీసా, ఇంకో చేతిలో తినుబండారాల డబ్బా, భుజాన అత్తయ్య శాలువా, పాప టోపీ. మైదానానికి అవతల కండక్టరమ్మ, నర్సు రెండు చుక్కల్లా ఉన్నారు. పెద్ద చుక్క చెయ్యి ఊపింది. ఊపడానికి నాకు చెయ్యి ఖాళీ లేదు. ఆట మొదలైంది. “మనవాళ్లెవరు?” అన్నారు అత్తయ్య. “నీళ్లు,” అంది పాప. ఆయన పాపకి ఆఫ్‌సైడ్ రూలు వివరిస్తున్నారు. హాకీలో ఆ రూలు ఎప్పుడో ఎత్తేశారని నాకు కండక్టరమ్మ చెప్పింది. డబ్బా మూత తీశాను, పెట్టాను. పాప పారేసుకున్న టోపీ వెతికాను. తలెత్తినప్పుడల్లా బంతి ఎక్కడుందో మళ్లీ వెతుక్కోవాల్సి వచ్చేది. ఎవరూ గోల్ చెయ్యకుండానే ఆట చివరికొచ్చింది. మావాళ్లకి పెనాల్టీ కార్నర్ దొరికింది, గోల్ కొట్టడానికి మంచి అదను. డబ్బా కింద పెట్టి లేచి నిలబడ్డాను.

“అమ్మాయ్, బాత్‌రూమ్‌కెళ్లాలి,” అన్నారు అత్తయ్య.

ఆయన నావైపు చూశారు. విసుగ్గా కాదు, అధికారంగానూ కాదు. గడియారం వైపు చూసినట్టు, మామూలుగా.

మెట్ల కింద వరండాలో, బాత్‌రూమ్ తలుపు బయట, అత్తయ్య శాలువా పట్టుకుని నిలబడ్డాను. నెత్తి మీద గ్యాలరీ ఒక్కసారి దద్దరిల్లింది.

“ఏమిటే ఆ గోల?” అన్నారు అత్తయ్య లోపలినుంచి.

“గోలే అత్తయ్యా.”

“ఎవరు కొట్టారు?”

“తెలీదు.”

ఆవిడ తడిచేతులతో బయటికొచ్చి నా మొహం చూశారు. చాలాసేపు చూశారు. “నువ్వు అక్కడే ఉండాల్సింది. నేను పోలేనా ఏమిటి?” అన్నారు.

“ఇన్నేళ్లుగా చెయ్యి పట్టుకుని తీసుకెళ్తున్నాను కదా అత్తయ్యా.”

“నువ్వు పట్టుకున్నావు, పట్టుకోనిచ్చాను.” శాలువా కప్పుకుంటూ కాస్త ఆగారు. “మా అత్త కూడా నడవగలిగేదేమో. నేనూ అడగలేదు.”

మేం పైకెక్కేసరికి ఆట ముగిసింది. ఆ ఏడు మావాళ్లు గెలిచిన మొదటి మ్యాచ్ అది. పిల్లలంతా గోల్‌కీపర్ మీద పడి దొర్లుతున్నారు. అవతల ఎండలో కండక్టరమ్మ, నర్సు ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు. “గోల్ ఎవరు కొట్టారండీ?” అని ఆయన్ని అడిగాను. “ఎవరో పొట్టి పిల్ల. ఫోనొచ్చింది, సరిగ్గా చూడలేదు,” అన్నారు. దారిలో పాపని భుజానికెత్తుకుని, “బాగుంది కదా. ఇకనుంచి ప్రతివారం ఇలాగే వద్దాం,” అన్నారు. ఆ గోల్ తర్వాత ఫోన్‌లో చూడొచ్చని నాకూ తెలుసు. వారమంతా చూడలేదు. వారమంతా కుదురుగా కూర్చోనూ లేదు. చేసిన పనే మళ్లీ చేశాను, తుడిచిన బల్లే మళ్లీ తుడిచాను. ఆయన మీద కోపం తెచ్చుకుందామంటే పట్టుకోవడానికి ఒక్క చెడ్డమాటైనా దొరకలేదు.

తర్వాతి శనివారం మధ్యాహ్నం ల్యాబ్‌నుంచి వచ్చి, భోజనం చేసి, గుమ్మం దగ్గర చెప్పులు వేసుకున్నాను. “అమ్మ శాలువా పెట్టావా? నీళ్ల సీసా ఏది?” అని ఆయన గదిలోంచి అడుగుతున్నారు. అత్తయ్య తయారై కుర్చీలో కూర్చున్నారు. నా ఖాళీ చేతుల వంక చూశారు. కప్పుకున్న శాలువా తీసి, మడతపెట్టి, ఒళ్లో పెట్టుకుని, వెనక్కి వాలారు.

ఆయన చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ బయటికొచ్చారు. “అదేంటి, బయల్దేరిపోయావు? మేం రావద్దా?”

నేను అప్పటికే గుమ్మం దాటాను. వెనక్కి తిరిగి, ఆయన మొహంలోకి చూసి చెప్పాను.

“మీరంతా వస్తే నేను రావడం కుదరడం లేదండీ.”