అత్త సూపు, అయిదో శుక్రవారం

ఈస్టర్ ముందు వచ్చే తపస్సు కాలంలో ప్రతి శుక్రవారం సాయంత్రం కాలేజీ ప్రార్థనామందిరంలో సిలువ మార్గం ప్రార్థన ముగిశాక, వెనక గదిలో పిల్లలకు సూపూ రొట్టే పెట్టడం ఆనవాయితీ. మాంసం ముట్టకూడని రోజు కాబట్టి ఉత్త కూరగాయల సూపు. పోయినేడు దాకా ఆ పని అత్త ఆడపడుచుది. ఆవిడ భక్తికి వంక పెట్టలేం గాని, ఆ సూపు తాగినవాళ్లకు తపస్సంటే ఏమిటో బాగా తెలిసొచ్చేది. ఆరుగురు వచ్చేవారు. అందులో ఇద్దరు ప్రార్థన పాటలకు గిటారు వాయించాలి కాబట్టి తప్పేది కాదు.

ఈ ఏడు గరిటె, పిల్లలంతా అత్తా అని పిలిచే ఆవిడ చేతికొచ్చింది. ఆసుపత్రి క్యాంటీన్‌లో ముప్పై ఏళ్లు వండి రిటైరైన మనిషి. నాలుగో శుక్రవారానికి ఇరవై ఆరుగురయ్యారు. కుర్చీలు చాలక కిటికీ గట్లెక్కి కూర్చున్నారు. మొగుడు పోయాక ఒక్కదానికే వండుకుని విసిగిపోయిన అత్తకు ఆ గదిలో ప్రాణం లేచొచ్చింది. ఎవరి పరీక్ష ఎప్పుడో, ఎవరు ఎవరితో మాటలు మానేశారో అన్నీ ఆవిడకే తెలుసు.

ఆడపడుచును ఏడిపించకుండా మాత్రం ఉండలేకపోయేది. "అవే కూరగాయలు, అదే ఉప్పు. ఏముందే ఇందులో? చేతి మహిమ!"

అయిదో శుక్రవారం మధ్యాహ్నం అత్త ఫ్రిజ్‌లోంచి క్యాన్ తీసి తరిగిన క్యారెట్ల మీద వంచింది. రసంతోపాటు చిన్న ఎముక ఒకటి ఠక్కున గిన్నెలో పడింది. అత్త దాన్ని వేళ్లతో పైకి తీసి చూసింది. కోడిది.

ఆదివారం కోడి ఎముకలు మరిగించి, ఆ రసం క్యాన్‌కెత్తి పెట్టుకోవడం క్యాంటీన్ నాటి అలవాటు. ఏది వండినా అదే పోస్తుంది. ఎముక కళ్లబడేదాకా ఆవిడ లెక్కలో అది మాంసం కాదు, నీళ్లు. నాలుగు శుక్రవారాలుగా "మాంసం ముక్క ఉంటే ఒట్టు" అని మరీ పిల్లల చేత తాగించింది. చేతి మహిమ కాదు, కోడి మహిమ!

గుట్టుగా పారబోసి మళ్లీ వండితే ఎవరికి తెలుస్తుంది? చెబితే గరిటె ఆడపడుచుకు పోతుంది, పిల్లలు కిటికీ గట్లు దిగి పోతారు, తను మళ్లీ ఆ ఒంటరి వంటింట్లో పడుతుంది. అత్తకు నిజంగానే భయమేసింది. గంటసేపు గిన్నె ముందు నిలబడి, చివరికి రొట్టెలు మాత్రం సంచిలో వేసుకుని బయల్దేరింది.

ఫాదర్‌గారి ముందు, ఆడపడుచు ముందు, ఇరవై ఆరుగురి ముందు ఉన్నదున్నట్టు చెప్పేసింది.

"నాకు రెండో వారమే తెలుసత్తా," అంది పశువైద్యం చదివే పిల్ల. అందరూ కళ్లజోడు అని పిలుస్తారు. "నా గిన్నెలో మెడ ఎముక వచ్చింది."

"తెలిసీ తాగావుటే?"

"లేదు. అప్పట్నుంచీ రొట్టొక్కటే తింటున్నా."

"చెప్పొచ్చుగా! నోరేమైంది?"

"తపస్సు కాలంలో ఇష్టమైనదేదో ఒకటి మానాలిగా, నేను తప్పులు పట్టడం మానేశానత్తా. మా ఇంట్లోవాళ్లే బతిమాలారు. అబ్బ, ఎంత కష్టమైందో!"

గది గొల్లుమంది. అత్త మాత్రం నవ్వలేదు. "మరి ఉత్త రొట్టె కోసం మూడు వారాలు ఎందుకొచ్చావే?"

కళ్లజోడు తల దించుకుంది. "పరీక్ష ఎలా రాశావని మీరు అడుగుతారుగా. ఇంకెవరూ అడగరు."

అత్త కొంగుతో ముక్కు తుడుచుకుని రొట్టెలు పంచడం మొదలుపెట్టింది.

ఫాదర్‌గారు అప్పటికప్పుడే తీర్పు చెప్పేశారు. "వచ్చే శుక్రవారం వంట మీ ఆడపడుచుగారిది. మీరు పిల్లల మధ్య కూర్చుని రెండు గిన్నెలు తాగాలి. వంక పెట్టకూడదు."

ఆరో శుక్రవారం ఇరవై ఆరుగురూ వచ్చారు. సూపు పోయినేడు ఎలా ఉందో అలాగే ఉంది. అత్త కళ్లు మూసుకుని మొదటి గిన్నె ఖాళీ చేసింది. ఆడపడుచు గరిటె పట్టుకుని పక్కనే నిలబడింది.

"ఎలా ఉంది వదినా?"

వంక పెట్టకూడదు. అబద్ధం చెబితే అదో పాపం. అత్త కొంగుతో మూతి తుడుచుకుంది.

"వేడిగా ఉందే," అని రెండో గిన్నె చాపి, కళ్లజోడు వైపు తిరిగింది. "నిన్నటి పరీక్ష ఎలా రాశావే?"