పోతురాజు అనేవోడు మా ఊళ్లో లేడు

తిట్టేవోళ్లు ముందు తిట్టీయండి, తరవాత ఇనండి. నేను సెప్తన్నప్పుడు మధ్యలో నోరెట్టుకు పడితే నాకు ఒళ్లు మండుతాది. ఔను, ఆ మాటన్నది నేనే. నా పేరు గున్నమ్మ. భావనపాడులో ఎవుర్నడిగినా సెప్తారు, కోటబొమ్మాళి సంతలో సేపలమ్మే గున్నమ్మని. నోరు మంచిది కాదని కూడా సెప్తారు. సెప్పనీ, నాకేటి?

పోతురాజు నా తమ్ముడి కొడుకు. కలరా వచ్చిన ఏడు తమ్ముడూ మరదలూ వారం తేడాలో పోతే, మూడేళ్ల గుంటడ్ని సంకనేసుకుని తెచ్చుకున్నాను. నా మొగుడు అప్పటికే లేడు, పిల్లలు ముందే లేరు. ఈడు వచ్చినాకే నా ఇంట్లో రెండు పూటలా పొయ్యి ఎలిగింది. నా ఒక్కదానికైతే నిన్నటి గంజి సరిపోయీది.

వల ముడెయ్యమంటే పది ముళ్లలో తొమ్మిది జారిపోయీవి ఈడికి. సదువు మాత్రం అబ్బింది. ఇజీనారం కాలేజీకి పంపినాను. అక్కడొక ముసలి పాదిరీగారు, ఇస్పెయిన్ దేశపాయన, సాయంత్రాలు తన బాస నేర్పుతానంటే నలుగురు కుర్రోళ్లు సేరినారట. నెల తిరిగీసరికి ముగ్గురు మానీసినారు. మిగిలినోడు మావోడే.

సెలవులకొస్తే ఇసకలో బోర్లించిన నావ మీద కూకుని ఆ బాస గట్టిగా సదివీవోడు. సేపని ‘పెస్కాదో’ అంటారట. ఓ రోజు సంతలో ‘పెస్కాదో, పెస్కాదో’ అని అరిసినాను సరదాకి. మా కులపెద్ద నూకయ్య మావ ఇని, “ఏటే గున్నమ్మా, కొత్త రకం సేపేటైనా పడిందేటే?” అని గంపలోకి తొంగి సూసినాడు.

అరవై ఎనిమిదో సంవత్సరం ఎండాకాలంలో ఆడికి కాయితం వచ్చింది. ఇస్పెయిన్‌లో ఒక యూనివర్సిటీవోళ్లు బయటి దేశాల పిల్లల్ని ఆరు నెలలుంచుకుని, ఖర్చంతా ఆళ్లే పెట్టుకుని, బాసా, ఆళ్ల పాటలూ, పండగలూ, పాత కబుర్లూ అన్నీ నేర్పుతారట. అక్టోబరు మొదటి వారానికి అక్కడుండాలి. తప్పితే ఆ సోటు ఇంకోడికి ఇచ్చీస్తారు. తిరిగొస్తే ఇజీనారంలోనే ఉద్యోగం సూద్దామన్నాడట పాదిరీగారు. ఆ కాయితం నా సేతిలో ఎట్టి గుంటడు ఏడ్సినాడు. నేను నవ్వినాను. నవ్వినాను గాని, ఆ పూట నాకు కూడు దిగలేదు.

ఇంక మా పేట సంగతి సెప్పాల. సారా కేసుల కాలం నుంచీ మాకొక అలవాటుంది. పోలీసోడొచ్చి ఎవుడి పేరడిగినా, ఆ పేరుగలోడు మా ఊళ్లో పుట్టనే లేదు. ఇంటి ముందు కూకుని సుట్ట కాలుస్తన్నా సరే, లేడు. దానికి మీటింగులక్కర్లేదు, మొదటి గుమ్మంలో ఆడది ఏటంటే ఆఖరి గుమ్మందాకా అదే మాట. పైగా ఆ సంవత్సరం కొండల్లో నక్సలైట్ల గొడవలు. కాలేజీ కుర్రోడంటే సాలు, పోలీసోళ్లు పట్టుకుపోతన్నారని రోజూ ఒక కబురు.

ఆగస్టులో ఒక మద్దేనం సైకిలు మీద ఒకడొచ్చినాడు. మామూలు పంచే, సొక్కా. గాని బూట్లు పోలీసు బూట్లు. నేను గుమ్మంలో ఎండుసేపలు ఏరుతన్నాను.

“మైలపల్లి పోతురాజు ఇల్లు ఎక్కడమ్మా?” అన్నాడు. ఇంకా ఏదో సెప్పినాడు, కాయితమనీ, అదనీ ఇదనీ.

“అలాటోడు మా ఊళ్లో లేడు” అన్నాను.

“ఈ ఊరేనని రాసుంది.”

“రాసినోడ్నడుగు. నన్నడుగుతావేటి?”

పక్కింటి గురమ్మ లేడంది. ఎదురింట్లో గంగులు లేడన్నాడు. నూకయ్య మావైతే గంగమ్మ తల్లి మీద ఒట్టేసినాడు. ఆ మనిషి సెమటలు కారుతూ పేటంతా తిరిగి ఎల్లిపోనాడు. ఆడి ఎనక మావోళ్లంతా సంబరం. గుంటడ్ని కాపాడీసినాం అనుకున్నారు. గంగులు మా గుంటడి పుస్తకాలన్నీ ఉప్పుసేపల కుండలో దాసీసినాడు కూడానూ.

ఇరవై రోజులకి పోతురాజు ఇజీనారం నుంచి వచ్చినాడు. మొకం పాలిపోయింది. సేతిలో కాయితం. ఆడికి పాస్‌పోర్టు ఇవ్వరట. ఈ చిరునామాలో ఇలాంటి మనిషెవరూ లేరని పోలీసు రిపోర్టు.

“ఊళ్లో ఎవురు సెప్పినార్రా ఇలాగ?” అన్నాడు.

నూకయ్య మావ కండువా సర్దుకున్నాడు. నేనే సెప్పినాను, “ముందన్నది నేనే. తరవాత అందరూ అన్నారు” అని.

తిడితే బాగుణ్ను. తిట్టలేదు. “భయపడ్డావు కదా అత్తా, పోన్లే” అన్నాడు. ఆ ‘పోన్లే’ నాకు ముల్లులా దిగింది. అక్టోబరుకి ఇంక నెల రోజులే ఉంది.

సిక్కోలు ఎల్లి పోలీసు పెద్దాఫీసరు కాడ నిజం సెప్తే కాయితం మారుస్తాడేమోనని పాదిరీగారన్నాడట. ఎవురెల్తారు? అబద్దం ఆడినామని మనంతట మనమే పోలీసు కాడికెల్లి సెప్పుకుంటామా అని గంగులు అడ్డంగా తలూపినాడు. ఆడ్ని తప్పు పట్టను, ఆడి పెళ్లాం నీళ్లాడే రోజులు. నేనూ పోతురాజూ బస్సెక్కినాం.

పొద్దుట్నుంచి కూకోబెట్టి, మద్దేనం మూడింటికి పిలిసినారు. బల్ల ఎనక పెద్దాఫీసరు, పక్కన ఇద్దరు గుమాస్తాలు, గోడవార ఆ సైకిలు మనిషి. నన్ను సూసి ఆడు మొకం సిట్లించినాడు.

“ఆ రోజు లేడన్నారు. ఈ రోజు ఉన్నాడంటున్నారు. ఏది నమ్మమంటారు?” అన్నాడు ఆఫీసరు. గట్టిగా అరవలేదు, పాపం. అరిస్తే నాకు తేలిగ్గా ఉండీది.

“ముందు సెప్పింది అబద్దం బాబూ.”

“ఎందుకు చెప్పారు?”

“భయమండి. ఊళ్లో అందరికీ పోలీసులంటే భయం” అని పోతురాజు నాకంటే ముందే అందుకున్నాడు.

ఆఫీసరు కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టినాడు. “భయమంటే ఏదో ఉన్నట్టే కదా? కొండల్లో వాళ్లతో ఇతనికి పొత్తు లేకపోతే, పాస్‌పోర్టు కాగితం కోసం వెళ్లిన మనిషి దగ్గర ఊరు ఊరంతా ఇతన్ని ఎందుకు దాస్తుంది? నేను ఇతన్ని దేశం దాటిస్తే రేపు నా ఉద్యోగం పోతుంది.”

ఫైలు మూసీడానికి ఆఫీసరు సెయ్యెట్టినాడు. ఓలమ్మో, ఆ ఫైలు మూసీసినాడా, గుంటడు సదువు మాట అటుంచి, కొండలోళ్ల మనిషని పేరు పడిపోతాది.

“బాబూ, నాకు భయం లేదు” అన్నాను. “మిగతావోళ్లకి భయం. నాకు కాదు. మీ మనిషి సైకిలు దిగి దేనికొచ్చినాడో సెప్పినాడు. దేశం దాటి సదువుకెల్లడానికి కాయితమమ్మా అని సెప్పినాడు. నేను బాగా ఇన్నాను. ఇనే లేడన్నాను. ఉన్నాడంటే ఎల్లిపోతాడు. లేడంటే నా కాడే ఉంటాడు.”

ఆఫీసరు గోడవార మనిషిని సూసినాడు. “ఔనండి. మొదటే చెప్పానండి, పాస్‌పోర్టుకని. ఈవిడకే చెప్పాను” అన్నాడాయన.

నేను పోతురాజు వేపు సూడలేదు. సూసే మొకం ఉందేటి నాకు? ఆఫీసరు కాయితం మీద ఏదో రాసి, నా బొటనేలు ముద్ర ఏయించుకున్నాడు. “వెళ్లమ్మా. కొత్త రిపోర్టు పంపుతాను” అన్నాడు.

బయటికొచ్చినాక, “తిట్టరా” అన్నాను. తిట్టలేదు. ముందు నడిసినాడు. బస్సులో వేరే సీట్లో కూకున్నాడు. ఆరు రోజులు నాతో మాటాడలేదు. ఏడో రోజు ఎండుసేపలు కట్టివ్వమన్నాడు, అంతే. పాస్‌పోర్టు సేతికొచ్చి, సెప్టెంబరు ఆఖరి వారంలో ఇజీనారంలో రైలెక్కినాడు.

అక్కడి నుంచి ఉత్తరాలు రాసీవోడు, నూకయ్య మావ మనవడు సదివి పెట్టీవోడు. నల్లబట్టల ముసలావిడ ఇంట్లో మకామట, పెద్ద నోరట, నాలాగే. ఇసక మీద నిప్పులేసి సేపల్ని పుల్లకి గుచ్చి కాలుస్తారట. మన కాడ సేపల వేలంపాట కిందినుంచి పైకెల్తాది కదా, ఆళ్ల కాడ పైనుంచి కిందికి దిగుతాదట, ముందు నోరు తెరిసినోడిదే సేప. కాలి మడమలతో నేల అదిరిపోయీలా ఆడతారట. ఇవన్నీ రాసినాడు. సిక్కోలు మాట ఒక్కసారీ రాయలేదు. నేను రాయించలేదు.

ఏప్రిల్లో వచ్చినాడు. సన్నబడ్డాడు. బస్సు దిగి గుమ్మంలో పెట్టె పెట్టి, ముందు గంజి అడిగినాడు. తాగినాక ఒక కాయితం తీసినాడు. ఆఖరి పరీక్షకి, మీ ఇంటి మనిషొకర్ని గురించి రాయమన్నారట. నా గురించి రాసినాడట. క్లాసులో అందరికంటే బాగుందని పంతులమ్మ గోడకి అంటించిందట.

“సదువు” అన్నాను. ఆ బాసలో ఒక ముక్కా, మన బాసలో ఒక ముక్కా సదివినాడు. సైకిలు మనిషి వచ్చినాడు. లేడన్నాను. ఊరంతా లేడంది. కుండలో పుస్తకాలు. అక్కడ అందరూ నవ్వినారట. ‘మా అత్త నన్ను కాపాడ్డానికి, పోలీసులకి భయపడి అలాగన్నాది’ అని సదివి కాయితం మడిసీసినాడు.

“మిగతాది?”

“అంతే అత్తా.”

“అది నిజం కాదు కదరా. నీకు తెలుసు కదా.”

“తెలుసు.”

“మరెందుకలాగ రాసినావు? నా పరువు కాపాడీడానికా? నాకక్కర్లేదు నీ కాపాడ్డం.”

పోతురాజు ఆ కాయితం పెట్టెలో ఎట్టీసినాడు. “నువ్వు నన్నెల్లనివ్వలేదని రాయొచ్చు అత్తా, రెండు ముక్కలు. తేలికే. అంతమంది మగోళ్ల ముందు, నేనింటానని తెలిసీ, నీ అంతట నువ్వే సెప్పీసుకుని నన్ను పంపినావు సూడు. అది రాయాలని మూడు సార్లు కూకున్నాను. నాకా బాస సాలలేదు.”

“ఆరు నెలలు సదివా?”

“ఆరు నెలలు సదివి.”

నీ జిమ్మడిపోనురా అని తిట్టినాను. తిడుతూనే ఏడ్సినాను. దాసుకోడానికేటుంది, పేటంతా ఇనపడీలాగే ఏడ్సినాను. గురమ్మ పరిగెట్టుకొచ్చి ఏటయిందే, ఏటయిందే అని అడిగితే, నాకూ సెప్పడం సేతకాలేదు.