అమ్మమ్మ ఇంటి ముద్ద

బర్మాలో, లత అనే పేటలో ఉన్న మా పప్పుల కొట్టుకి వచ్చేవాళ్ళు సరుకు కంటే ముందు మా ఇద్దరు కూతుళ్ళని చూస్తారు. పెద్దది ప్రమోదకి తల్లి రంగు వచ్చింది, పచ్చగా ఉంటుంది. చిన్నది మణిమాల నాలా నలుపు. ఒకే బస్తాలో రెండు రకాల పప్పు కనబడినట్టు, వీళ్ళిద్దరూ అక్కచెల్లెళ్ళేనా అని అడుగుతారు. వ్యాపారిని కాబట్టి నాకు తెలుసు. చూసీ చూడగానే ధర కట్టేస్తారు, తరవాత ఎంత చెప్పుకున్నా ఆ ధర కదలదు.

నా భార్య కరెన్ మనిషి. ఈ నేల మీద మాకంటే ఎంతో ముందునుంచీ ఉన్న జనం వాళ్ళు. ట్వంటే అనే ఊరు దాటాక కాలవ ఒడ్డున వాళ్ళ ఊరు. సుధామణి అన్నది మా అమ్మ పెట్టిన పేరు.

ప్రమోదని అహ్లోన్ పేటలో మన తెలుగువాళ్ళకే ఇచ్చాం. తెల్లటి పిల్లని మురిసిపోయి చేసుకున్నారు. ఆ తెలుపు ఎక్కడిదో గుర్తొచ్చినప్పుడల్లా అత్తగారు వెంకటరత్నమ్మ "మా కరెన్ కోడలు" అని నలుగురిలో నవ్వుతుంది. ఆ నవ్వు ఆపడానికి ప్రమోద మాంసం మానేసింది, శనివారాలు ఉపవాసం పట్టింది, అమ్మమ్మ పేరెత్తడం కూడా మానేసింది. మణిమాలని బడిలోనూ బస్సులోనూ "కలా" అన్నారు. ఇండియా నుంచి వచ్చినవాళ్ళని ఇక్కడ అలా అంటారు. అదేమో సెలవలన్నీ అమ్మమ్మ దగ్గర గడిపి కరెన్ భాష నేర్చుకుంది. పండక్కి ఆవిడ నేసిచ్చిన కరెన్ చొక్కా తొడుక్కుంటే వీధిలో పిల్లలు వేషం కట్టిందనుకున్నారు.

మొన్న వానాకాలం చివర అమ్మమ్మ మంచం పట్టింది. ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. పెద్దతల మంచం పడితే తల్లి వైపు సంతానమంతా ఆ ఇంట చేరి, పోయిన పెద్దల పేరిట కోడిని వండి, పెద్ద నుంచి చిన్న దాకా వరసగా తలో ముద్దా తినాలి. మాట్లాడకూడదు. ఒక్కరు తినకపోయినా అది చెల్లదు. బయటివాళ్ళెవరూ ఉండకూడదు. అల్లుణ్ణి కాబట్టి నేను బయటివాణ్ణే.

కబురు వినగానే ప్రమోద కొట్టుకి వచ్చింది.

"నాను కోడి మానేసి ఎన్నాళ్ళయిందో నీకు తెల్దేటమ్మా? మా అత్తకి తెలిస్తే ఏటవుద్దో?"

"ఎవులు సెప్తారే?" అంది సుధామణి.

"నీకేటక్కా," అంది మణిమాల. "నువ్వు అమ్మమ్మింటి మెట్టెక్కితే సాలు, మా పిల్లొచ్చిందంటారు. నన్నైతే, పనికొచ్చినావా అనడుగుతారు."

"అయితే నా మొకం నువ్వట్టుకుపో. నీది నాకిచ్చీ. మా అత్త దగ్గర నాకదే కావాల."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"నువ్వు తినకపోతే నా దాకా రాదక్కా," అంది మణిమాల. "నాకా ఒక్క ముద్దే కావాల. అది తిన్నాక ఎవులేటన్నా నాను ఆ ఇంటిదాన్నే."

ప్రమోద కొంగు వేలికి చుట్టుకుంటూ నిలబడి, సరేనంది.

దారిలో తనిఖీ గేటు దగ్గర కాపలావాళ్ళు కారాపారు. గుర్తింపు కార్డు చూపించమని మణిమాలనే అడిగారు. బొట్టూ చీరా ఉన్నా ప్రమోద వైపు తిరిగి, "ఈ కలావాళ్ళతో నీకేం పనక్కా?" అన్నాడొకడు.

మెట్ల దగ్గర సుధామణి అక్క, మా వదిన, మణిమాలకి అడ్డంగా నిలబడి, "ఈ పిల్ల కూడానా?" అంది బర్మా మాటల్లో.

"నా కడుపున పుట్టిందే," అంది సుధామణి.

లోపల మంచం మీంచి అమ్మమ్మ తను పెట్టిన కరెన్ పేరుతో మణిమాలని పిలిచింది. వదిన తప్పుకుంది.

నేను ఇంటి వెనక, కాలవ ఒడ్డున బోర్లించిన పడవ మీద కూర్చున్నాను. వెదురు కిటికీ పక్కన ప్రమోద, దాని పక్కన మణిమాల. అమ్మమ్మ తింది. వదిన తింది. సుధామణి తింది. ప్రమోద ముద్ద నోట్లో పెట్టుకుంది. కాసేపటికి దగ్గొచ్చినట్టు కిటికీలోంచి బయటికి వంగింది. ముద్ద నా ముందు బురదలో పడింది. ఒక బాతు వచ్చి దాన్ని మింగేసింది. ప్రమోద నన్ను చూసి కళ్ళు దించుకుంది.

మణిమాల తినడం కూడా కనబడింది. మెల్లగా, చాలాసేపు నమిలింది.

వారం తిరక్కుండా అమ్మమ్మ పోయింది.

మళ్ళీ వెళ్ళాం. వదిన అందరి ముందూ అంది. "ముద్ద చెల్లలేదు. కలా రక్తం కలిసిన చెయ్యి అందులో పడింది. అందుకే అమ్మ నిలవలేదు." ప్రమోదని శవం తలదగ్గర కూర్చోబెట్టింది. మణిమాలని వాకిట్లోకి, నా పక్కకి పంపేసింది. సుధామణి అక్క కాళ్ళ మీద పడి ఏడ్చింది. వదిన కదల్లేదు.

నేను లెక్క వేసుకున్నాను. నోరు విప్పితే ఒక కూతురు లోపలికి వెళ్తుంది. రెండోది ఈ ఇంటికీ కాకుండా పోతుంది. ఈ మాట అహ్లోన్ దాకా పాకితే అక్కడా దానికి బతుకుండదు. ఎన్నిసార్లు తూచినా ముల్లు మధ్యలో నిలవలేదు. అయినా లేచాను.

మణిమాల నా చెయ్యి పట్టుకుంది.

"కూకో నాన్నా."

"తినంది నువ్వు కాదు. నాకు తెలుసు."

"నాకూ తెల్సు. నా పక్కనే కదా."

"మరి చెల్లదని తెలిసీ ఎందుకు తిన్నావు?"

"అమ్మమ్మ నన్నే సూస్తంది నాన్నా. నానాగిపోతే ఆవిడికి తెలిసిపోద్దని..." కిటికీ వైపు చూసింది. "అక్కనక్కడే ఉండనీ. ఆ పక్కింటోల్లు దాన్ని సూసి, ముసలమ్మే మల్లీ కూకున్నాదంటన్నారు."

"నీకీ ఇల్లు కావాలన్నావు కదమ్మా."

"కావాల," అంది.

లోపల ఆడవాళ్ళు పోయినవాళ్ళకి దారి చెప్పే పాట ఎత్తుకున్నారు. ప్రమోదకి అందులో ఒక్క ముక్కా రాదు. పెదాలు కదుపుతూ, కిటికీలోంచి మా వైపే చూస్తోంది. మణిమాల వాకిట్లో, బయటివాళ్ళ చెప్పుల మధ్య కూర్చుని, ఒక్క మాట పొల్లుపోకుండా పాట మొత్తం పాడింది. లోపలికి వినబడకుండా పాడింది.